గుడ్డ చుట్టిన గంట

సురేంద్రన్ చేతి దెబ్బ తినని పీఠసేవకుడు ఆ రోజుల్లో గుడియాత్తం చర్చిలో ఒక్కడూ లేడు. పీఠసేవకులంటే పూజ జరిగేటప్పుడు తెల్లంగీలు తొడుక్కుని ఫాదర్ పక్కన నిలబడే పిల్లలు. కొవ్వొత్తి పట్టుకోవడం, సాంబ్రాణి గిన్నె ఊపడం, గంట కొట్టడం వాళ్ళ పని. ఆదివారం చూస్తే అబ్బ, ఎంత బుద్ధిమంతులో అనిపిస్తారు. శనివారం సాయంత్రం శిక్షణ చూస్తే తెలుస్తుంది ఆ బుద్ధి ఎక్కడినుంచి వచ్చిందో. మోకాలు వంచడం ఆలస్యమైతే పిక్క మీద చింతబరికె. కొవ్వొత్తి పక్కకు వాలితే మెడ మీద. నవ్వితే ఇక చెప్పనే అక్కర్లేదు, ఆ పూట వాడికి కూర్చునే యోగం లేదు.

ఆ బరికె సురేంద్రన్ కనిపెట్టింది కాదులెండి. పిల్లలకు జపాలు నేర్పే ఉపదేశి అప్పాసామిది. చర్చి ఆవరణలో మూల గదిలో ఉండే ముసలాయన. ఫాదర్లు వస్తారు పోతారు, ఆయన మాత్రం అక్కడే. చెవులు సగం పోయాయి గానీ చెయ్యి గురి తప్పలేదు. ఆ చేతికిందే పెరిగి సురేంద్రన్ పద్దెనిమిదేళ్ళకు పెద్ద సేవకుడయ్యాడు. వేలూరు వెళ్ళి శిక్షణ శిబిరంలో కూర్చుని, మెడలో శిలువ బిళ్ళ వేయించుకుని వచ్చాడు. బిళ్ళతో పాటు పొగరు కూడా వచ్చింది. తాను తిన్న దెబ్బలన్నీ చిన్నవాళ్ళకు పంచిపెట్టాడు. అందులో పెద్ద వాటా సొంత తమ్ముడు హరిది.

హరికి పదమూడేళ్ళు. నోరు ఊరుకోదు. అప్పాసామి దగ్గినట్టు దగ్గి, ఫాదర్ తమిళం మాట్లాడినట్టు మాట్లాడి అందరినీ నవ్విస్తాడు. పసివాడుగా ఉన్నప్పుడు వాడికి కామెర్లు ముదిరి ఇక పోతాడనుకుంటే, తల్లి కుప్పమ్మ వాణ్ణి చర్చి మెట్ల మీద పడుకోబెట్టి మొక్కుకుంది. బతికాడు. ఆమె ఇద్దరు పిల్లలతో సహా జ్ఞానస్నానం పుచ్చుకుంది. మొగుడు గోవిందన్ పుచ్చుకోలేదు. "నాకు గంగమ్మ ఉండాది. నీ సామితో నాకు తగువు లేదు, నా తల్లితో నీకూ వద్దు," అన్నాడు. అప్పటినుంచీ ఆ ఇంట్లో ఒక గోడ మీద శిలువ, ఎదురు గోడ మీద గంగమ్మ పటం.

గోవిందన్ తాపీమేస్త్రి. వాళ్ళుండే చోటును గుట్టకింద అంటారు. అంతా రాళ్ళు కొట్టేవాళ్ళు, గోడలు కట్టేవాళ్ళు; ఇంట్లో తెలుగు, వీధిలో అరవం. ఆ చర్చి పునాది రాళ్ళు కొట్టింది వాళ్ళ తాతలే. కానీ ముందు వరసల్లో కూర్చునేది పెద్దవీధి వాళ్ళు. గుట్టకింద పిల్లలను సేవలోకి కొంతకాలంగా రానిస్తున్నారు, అదీ గంట కొట్టడానికీ బొగ్గులు రాజేయడానికీ. పెద్ద శుక్రవారం, అంటే గుడ్ ఫ్రైడే నాడు జనం ముద్దు పెట్టుకోవడానికి శిలువ పట్టుకునే పని మాత్రం పెద్దవీధిదే. వాళ్ళు ముద్దు పెట్టుకున్నాకే గుట్టకింద వరస కదలాలి. ఎవరు పెట్టిన పద్ధతో ఎవరికీ తెలియదు, అందరూ పాటించారు.

ఆ ఏడు కొత్త ఫాదర్ వచ్చాడు. కుర్రవాడు, మంచివాడు, తొందర మనిషి. "వరస ఒక్కటే. ముందు వచ్చినవాళ్ళు ముందు. శిలువ హరి పట్టుకుంటాడు," అని పీఠం మీదనుంచి ప్రకటించి, మోటారు సైకిలెక్కి మోర్ధానా వైపు పల్లెలకు పోయాడు. మాట ఆయనది, దెబ్బలు పడవలసిన ఒళ్ళు వేరేవాళ్ళది.

అంతకుముందు మూడేళ్ళూ శిలువ పట్టుకున్నవాడు పాపన్. పెద్దవీధిలో ఎస్టీడీ బూత్ వాళ్ళదే, మేడ మీద డిష్ వాళ్ళదే, ఇప్పుడు మేడ మీద ఇంకో మేడ లేస్తున్నదీ వాళ్ళకే. కట్టేది ఎవరనుకున్నారు? గోవిందనే. చూడండి చోద్యం, తండ్రి వాళ్ళ గోడ కడుతుంటే కొడుకు వాళ్ళ శిలువ లాక్కున్నాడన్న మాట పుట్టింది.

ఆ మేడ దగ్గరే గోవిందన్ పెద్దకొడుక్కు సారం కట్టడం నేర్పాడు. సారం అంటే గోడ కట్టేటప్పుడు నిలబడటానికి వేసే కర్రల మంచె. కొబ్బరి పీచుతాడు నీళ్ళలో నానబెట్టి కట్టాలి, ఆరేకొద్దీ బిగుస్తుంది.

"సూడప్పా, ఈ పొడుగు కొస లాగినావంటే ముడి సచ్చినా వదలదు," అన్నాడు గోవిందన్. "పొట్టి కొస ఉండాదే, దాన్ని బొటనేలితో లోపలికి తోస్తే సాలు, పువ్వు మాదిరి విచ్చుకుంటాది. మనుసులు నిలబడే ముడి ఇది. కట్టను తెలిస్తే సాలదు, విప్పను గూడా తెలియాల."

సురేంద్రన్ సాయంత్రానికల్లా కళ్ళు మూసుకుని కట్టాడు. విప్పడం తండ్రి ఒకసారి చూపిస్తే, చాల్లే అనుకున్నాడు.

దానికి ముందురోజు, పెద్ద గురువారం పూజలో మహిమ గీతం పాడేటప్పుడు గంటలన్నీ మోగిస్తారు. తర్వాత శనివారం పూజలో అదే గీతం వచ్చేదాకా ఏ గంటా మోగకూడదు. పిలుపుకు చెక్క చప్పెట కొడతారు. పలక మీద చిన్న చెక్క సుత్తి టకటకలాడుతుంది, అంతే. ఇది అన్ని ఊళ్ళలోనూ ఉన్నదే. గుడియాత్తంలో అప్పాసామి దానికి ఒక భయం కూడా కలిపాడు. "సామి సచ్చి పడుండంగా గంట మోగిందంటే, ఆ సప్పుడు ఇన్న ఇంట్లో పీనుగ లేస్తాది," అని తరాల పిల్లలకు చెప్పి చెప్పి, గుట్టకింద ఆడవాళ్ళు ఆ రెండు రోజులూ ఇత్తడి గిన్నె జారినా ఉలిక్కిపడేటట్టు చేశాడు.

అందుకే గురువారం పూజ అయ్యాక పెద్ద సేవకుడు గోపురం ఎక్కి గంట నాలుకకు గుడ్డ చుట్టి కట్టాలి. గాలికి కూడా మోగకూడదు. ఎప్పుడూ పీలికతో కట్టేవారు. సురేంద్రన్ అలా కడతాడా! పాత పీఠం గుడ్డ మడతలుగా చుట్టి, దాని మీద తడిపిన పీచుతాడుతో సారం ముడి వేసి, గంట అంచుకున్న కమ్మీకి బిగించాడు. కిందకు దిగి తాడు లాగి చూశాడు. ధబ్ అని గుడ్డ చప్పుడు తప్ప ఏమీ రాలేదు. అప్పాసామి తలూపాడు. సురేంద్రన్ ఆ తలూపుకు పొంగిపోయాడు.

శుక్రవారం మధ్యాహ్నం జనం కిటకిటలాడారు. హరి పీఠం మెట్టు మీద మోకాళ్ళ మీద కూర్చుని శిలువ పాదం పట్టుకున్నాడు. ఒక్కొక్కరు వంగి ముద్దు పెట్టుకుంటే, తెల్లగుడ్డతో ఒక్కసారి తుడవాలి. అంతకుముందు శనివారం శిక్షణలో వాడు రెండుసార్లు తుడిచి నవ్వినందుకు సురేంద్రన్ వేళ్ళ కణుపుల మీద కొట్టాడు. "ఒక ముద్దుకు ఒక్క తుడుపురా. రెండోది లేదు. రాజొచ్చినా లేదు," అన్నాడు. హరి కణుపులు ఇంకా వాచే ఉన్నాయి.

కుప్పమ్మ వంతు వచ్చింది. ముద్దు పెట్టుకుని, శిలువతో పాటు కొడుకు చేతిని కూడా కళ్ళకద్దుకుని లేచింది. హరి తుడిచాడు. ఆమె వెనకే పాపన్ తల్లి. పక్కన పాపన్. ఆమె వంగకుండా నిలబడిపోయింది.

"డేయ్, ఇన్నొరు తడవ తొడైడా," అన్నాడు పాపన్, మళ్ళీ తుడవమని.

హరి తలెత్తి అన్నను చూశాడు. సురేంద్రన్ కొవ్వొత్తి పట్టుకుని పక్కనే ఉన్నాడు. ఒక్క తలూపు చాలు, వాడు తుడిచేవాడు, ఆ రోజు అక్కడితో అయిపోయేది. కానీ సురేంద్రన్ కడుపు మండింది. ముద్దు పెట్టింది తన తల్లి. తుడవమంటున్నది తన తల్లి పెదవులను. వద్దన్నట్టు తల అడ్డంగా ఆడించాడు.

"ఒక ముద్దుకు ఒక్క తుడుపేనన్నా," అన్నాడు హరి, చర్చి అంతా వినపడేలా. "రాజొచ్చినా అంతేనంట, మా అన్న సెప్పినాడు."

వెనక గుట్టకింద వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. పాపన్ తల్లి ముద్దు పెట్టుకోకుండానే వెనక్కి తిరిగింది. ఆమె వెంట పెద్దవీధి వరసంతా బయటికి నడిచింది. పాపన్ మాత్రం గడప దగ్గర ఆగి హరిని చూసి, ఆ చూపు సురేంద్రన్ మీదికి తిప్పి, అప్పుడు వెళ్ళాడు.

పూజ ముగిసింది. ఫాదర్ పల్లె చర్చికి వెళ్ళాలని అంగీ విప్పి బండెక్కాడు. జనం ఇళ్ళకు పోయారు. ఎండ ఇంకా పూర్తిగా తగ్గలేదు. అన్నదమ్ములిద్దరూ పీఠం వెనక గదిలో కొవ్వొత్తి మైనం గీకుతున్నారు.

"అన్నా, పాపన్ మొగం సూసినావా? కాకరకాయ నమిలినట్టు పెట్టినాడు," అంటూ హరి మూతి వంకర చేసి చూపించాడు. సురేంద్రన్ కూడా నవ్వాడు. అన్న తన మాటకు నవ్వడం హరికి కొత్త, ఇంకోసారి చేసి చూపించాడు.

తలుపు తన్నిన చప్పుడయింది. పాపన్, వాడితో నలుగురు. చేతుల్లో సవుక కర్రలు, ఒకడి చేతిలో సైకిల్ గొలుసు. మొదటి దెబ్బ సురేంద్రన్ చెవి మీద పడింది. గది గిర్రున తిరిగింది. హరి జుట్టు పట్టి పాపన్ గుమ్మంలోంచి ఈడుస్తున్నాడు. వాడి తెల్లంగీ మేకుకు తగులుకుని చీలింది. సురేంద్రన్ ఎగబడి పాపన్ మణికట్టు కొరికాడు. గొలుసు వీపు మీద పడి అంగీతో సహా చర్మం లేచిపోయింది. హరి "అన్నా! అన్నా!" అని అరుస్తున్నాడు. ఇంకో కర్ర సురేంద్రన్ మోచేతి మీద పడితే ఎడమ చెయ్యి వేలాడింది.

అయిదుగురితో ఒంటి చేత్తో అయ్యే పని కాదు. గుట్టకింద ఇళ్ళు కేక దూరానికి అవతల, గంట వినపడే దూరంలో ఉన్నాయి. వేళకాని వేళ గంట మోగితే ఆపదని ఆ ఊళ్ళో పసిపిల్లకు కూడా తెలుసు. సురేంద్రన్ విదిలించుకుని పరిగెత్తాడు. దారిలో చెక్క చప్పెట దొరికితే టకటకా కొట్టాడు. పొద్దుటినుంచీ విన్న చప్పుడే కదా, ఎవరు పట్టించుకుంటారు! ఇద్దరు వెంటపడుతుంటే దాన్ని వాళ్ళ మీదికి విసిరి, గోపురం గదిలో దూరి గడియ వేశాడు.

తాడు ఎదుట వేలాడుతోంది. పట్టుకున్న చెయ్యి ఆగింది. సామి చచ్చి పడుంటే గంట కొడతావా అని అప్పాసామి గొంతు తల్లో మోగింది. ఛీ, ఎంత లోతుగా నాటారో చూడండి! తమ్ముడు బయట చస్తుంటే వీడు పాపానికి భయపడ్డాడు. బయటినుంచి హరి మళ్ళీ అరిచాడు. సురేంద్రన్ ఒళ్ళంతా వేసి తాడు లాగాడు.

ధబ్.

మళ్ళీ లాగాడు. ధబ్. అప్పుడు గుర్తొచ్చింది కట్టింది తానేనని.

ఒంటి చేత్తో ఇనుప నిచ్చెన పాకాడు. పైనుంచి ఆవరణంతా కనిపిస్తోంది. వేపచెట్టు కింద హరి ముడుచుకుని తల చేతుల్లో దాచుకున్నాడు, అయిదుగురూ చుట్టూ నిలబడి కొడుతున్నారు. కర్ర లేవడం ముందు కనిపించి, చప్పుడు తర్వాత వినిపిస్తోంది. సురేంద్రన్ ముడి మీద పడ్డాడు. తాడు ఎండి కర్రలా ఉంది. పట్టుకుని లాగాడు. గోళ్ళు ఊడేలా లాగాడు, పళ్ళతో కొరికి లాగాడు. లాగేకొద్దీ అది బిగుసుకుంది. నోట్లో రక్తం, పీచు. కింద హరి అరవడం మానేశాడు.

పిట్టగోడ మీద తండ్రి కిందటి నెల మరమ్మతు చేసి వదిలేసిన ఇటుకలున్నాయి. ఒకటి తీసి గంట మీద బాదాడు. ఖణ్ మంది. ఇటుక విరిగితే ఇంకోటి తీశాడు. "రండా! రండా! సంపేస్తాండారు!" అని అరుస్తూ పిచ్చిపట్టినవాడిలా బాదాడు.

మూల గదిలోంచి అప్పాసామి పరిగెత్తుకొచ్చాడు. ఆయన చెవులకు అరుపులు అందలేదు, గంట అందింది. గోపురం కింద నిలబడి, తల పైకెత్తి, చేతులు ఊపుతూ తిట్టాడు. "పాపిష్టోడా! సామి సచ్చి ఉండంగా గంట కొడతావా? దిగు! దిగరా కిందికి!" ఆయన వెనక, వేపచెట్టు కింద, కర్రలు లేస్తూనే ఉన్నాయి. ముసలాయన ఒక్కసారి వెనక్కి తిరిగి ఉంటే కనిపించేది. తిరగలేదు. ఆయనకు గంటే ముఖ్యం.

గుట్టకింద ఆ గంట అందరూ విన్నారు. విని తలుపులు మూసుకున్నారు. ఆడవాళ్ళు శిలువ గుర్తు వేసుకుని పిల్లలను కొంగు కింద దాచుకున్నారు. చావు గంట అది, వెళ్ళినవాడిని పట్టుకుంటుందని. కుప్పమ్మ కూడా గుమ్మానికి అడ్డం నిలబడి, "పోవద్దయ్యా, అది మంచి గంట కాదు," అని మొగుడి చెయ్యి పట్టుకుంది.

"మంచిదో చెడ్డదో నాకు తెలవదు," అన్నాడు గోవిందన్. "గంట కొట్టేది నా బిడ్డ గదా? వాడు ఊరికే కొట్టడు." గడ్డపార తీసుకుని పరిగెత్తాడు. ఆ గుట్టకింద గంటకు భయపడనివాడు ఆయనొక్కడే.

గేటు దాటుతూనే మొదట దొరికినవాడి మోకాలు మీద గడ్డపార వేశాడు. ఎముక విరిగిన చప్పుడు గోపురం మీదికి వినిపించింది. గొలుసువాడు తిరగబడితే గొలుసు పట్టి లాగి, ముఖం పగిలేదాకా చెట్టుకేసి కొట్టాడు. మిగిలినవాళ్ళు గోడ దూకారు. పాపన్ గేటు దగ్గర చెప్పు జారి పడ్డాడు. గోవిందన్ వాడి గుండె మీద కాలు పెట్టి గడ్డపార ఎత్తాడు. తాను కట్టే ఇంటివాడేనని అప్పుడే పోల్చుకున్నాడు. ఎత్తిన గడ్డపార ఆగింది. వెనకనుంచి గురక లాంటి చప్పుడు వచ్చింది. గడ్డపార పారేసి హరి దగ్గరికి పరిగెత్తాడు.

వాణ్ణి వ్యానులో వేలూరు ఆసుపత్రికి తీసుకెళ్ళారు. తల లోపల రక్తం గడ్డకట్టిందన్నారు. శనివారం తెల్లవారాక వాడి ఊపిరి ఆగింది. ఆ సరికి పాపన్‌నీ మిగతావాళ్ళనూ పోలీసులు పట్టుకుపోయారు. పెద్దవీధిలో తలుపులు మూసుకున్నాయి. ఇప్పుడు మూసుకుంటే ఎవడికి కావాలి?

శనివారం సాయంత్రం శవాన్ని చర్చి ముందు దించారు. చేతికి కట్టుతో సురేంద్రన్ గోపురం గోడకు ఆనుకుని నిలబడ్డాడు. కుప్పమ్మ పెట్టె మీద వాలి, "నా బిడ్డకు గంట కొట్టాల. గంట లేకుండా మట్టి ఎయ్యనీను. వాడు కొట్టిన గంటలు ఎన్ని ఉండాయి, వాడికి ఒకటి కొట్టలేరా!" అని ఏడ్చింది. ఫాదర్ తల వంచుకున్నాడు. అప్పాసామి గోపురం దారికి అడ్డం వచ్చాడు.

"ఇంకా పూజ కాలేదమ్మా. సామి ఇంకా లేవలేదు."

గోవిందన్ ఆయన చెవి దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు. "మీ సామి లేసేటప్పుడు లేస్తాడు. నా బిడ్డ లేవడు గదయ్యా," అన్నాడు. ముసలాయన దారి వదిలాడు.

గోవిందన్ నిచ్చెన ఎక్కాడు. ఆయన గోపురం మరమ్మతుకు ఎక్కాడే గానీ గంట ముట్టుకున్నది అదే మొదటిసారి. సురేంద్రన్ వెనకే ఎక్కి, నిచ్చెన చివర ఆగిపోయాడు. ఇంకో మెట్టు ఎక్కే ధైర్యం లేకపోయింది.

గోవిందన్ గంట కింద వంగి ముడిని చూశాడు. తాను నేర్పిన ముడి. పీచు మీద పళ్ళ గాట్లు, ఎండిన రక్తం, ఒక విరిగిన గోరు ముక్క. పొడుగు కొస లాగి లాగి పోగులు రేగి ఉంది. పొట్టి కొస మాత్రం ఎవరూ ముట్టనట్టు, కట్టిన రోజు ఉన్నట్టే, చిటికెన వేలంత బయటికి నిలబడి ఉంది.

ఆయన బొటనవేలు దాని మీదికి వెళ్ళింది. సురేంద్రన్ కళ్ళు ఆ వేలి మీదే ఉన్నాయి. అప్పుడే వాడికి మేడ మీద తండ్రి చెప్పిన మాట మొత్తం గుర్తొచ్చింది, పువ్వు మాదిరి అన్నదాకా. వాడి గొంతులోంచి ఒక చిన్న చప్పుడు వచ్చింది.

గోవిందన్ తిరిగి చూశాడు. కొడుకు ముఖం చూశాడు. బొటనవేలు వెనక్కి తీసుకున్నాడు.

"ఇది విప్పను నా వల్ల గూడా కాదు నాయనా," అన్నాడు. "తాడు ఎండి రాయి అయిపోయింది. యాడ పట్టుకుని లాగినా రాదు. ఎవురొచ్చినా ఇంతే, నేనుండినా ఇంతే."

మొలలోంచి చిన్న కత్తి తీసి తాడు కోశాడు. కోసిన ముడిని కొడుకు చేతికి అందకుండా పంచె మడతలో దోపుకున్నాడు. గుడ్డ విప్పి పక్కన పెట్టి, గంట నాలుక తుడిచి, తప్పుకుని చోటిచ్చాడు.

"కొట్టు," అన్నాడు. "నీ తమ్ముడికి నువ్వే కొట్టాల."

ముడి ఎలా వదులుతుందో తండ్రికి తెలుసని వాడికి తెలుసు. వాడికి తెలుసని తండ్రికీ తెలుసు. సురేంద్రన్ మంచి చేత్తో గంట నాలుక పట్టుకుని కొట్టాడు. కింద తల్లి ఏడుపు వినపడనంత గట్టిగా కొట్టాడు. గుట్టకింద ఇళ్ళలో ఒక్కొక్క తలుపే తెరుచుకుంది, జనం బయటికి వచ్చి చర్చి వైపు నడిచారు.